నిద్రపోయిన తొడ కండరానికి మాగ్నెట్ సిట్టింగులు: నా అనుభవం

"మాగ్నెట్ పెట్టించుకున్నా, ఏం లాభం లేదు" అంటూ ఎవరైనా ఆటగాడు వస్తే ఫిజియోథెరపిస్టుగా నేను మొదట అడిగేది ఒకటే. పెట్టినప్పుడు కాలు ఎగిరిందా, లేదా? ఆ జవాబుతో సగం సంగతి తేలిపోతుంది. ఎందుకంటే మాగ్నెట్, అంటే అయస్కాంత క్షేత్రంతో చేసే చికిత్స, అన్న ఈ ఒక్క పేరు కింద అసలు పోలికే లేని రెండు రకాల మెషిన్లు నడుస్తున్నాయి. వాటి పక్కన మెషినే కాని సరుకు ఇంకొకటి ఉంది.

మొదటిది తక్కువ శక్తిది. మోకాలిని డ్రమ్ములాంటి గుండ్రటి కాయిల్‌లో (తీగ చుట్టలో) పెట్టో, చాపలాంటి దాని మీద పడుకోబెట్టో ఇరవై, ముప్పై నిమిషాలు వదిలేస్తారు. ఈ రకంలో చాలా మెషిన్లు గరిష్ఠంగా 100 గాస్, అంటే 10 మిల్లీటెస్లా దగ్గర ఆగుతాయి. ఏమీ తెలియదు, కొందరు నిద్ర కూడా పోతారు. రెండోది ఎక్కువ శక్తిది. కాయిల్ ముఖం దగ్గర 2 నుంచి 3 టెస్లా దాకా వెళ్తుంది, అంటే మొదటిదానికి రెండు మూడు వందల రెట్లు. ఒక్కో పల్స్, అంటే ఒక్కో తట్టు, 0.3 మిల్లీసెకను చుట్టుపక్కల ఉంటుంది. టకటకమని చప్పుడు, కండరం దానంతటదే బిగుస్తుంది. ఇక మూడోది బజార్లో అమ్మే అయస్కాంత పట్టీలు, కంకణాలు, పరుపులు. వాటిలో ఉండేవి మామూలు అయస్కాంతాలు. మారే అయస్కాంత క్షేత్రమే కరెంటు పుట్టిస్తుందని ఫారడే 1831లో చూపించాడు. మారకుండా అలాగే ఉండేది నరాన్ని కదిలించలేదు. పట్టీ కట్టుకుంటే కాస్త వెచ్చగా, బిగువుగా ఉంటుందంటారా, ఆ పని మోకాలికి తొడిగే మామూలు బట్ట తొడుగు (knee cap) చేస్తుంది.

ఇక్కడ రాస్తున్నది ఎక్కువగా రెండో మెషిన్ గురించి. అది కూడా నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ఒక పరిస్థితి గురించి: మోకాలి దెబ్బ తర్వాతో, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలాంటి మృదులాస్థి) చిరిగిన ముక్క కత్తిరించి తీసేసిన తర్వాతో, తొడ ముందు కండరం మాట వినని కబడ్డీ ఆటగాళ్లు, రన్నర్లు, బ్యాడ్మింటన్ వాళ్లు.

దెబ్బ తగిలాక తొడ సన్నబడటం ఇంట్లోవాళ్లకి కూడా కనిపిస్తుంది. దానికంటే ముందే జరిగేది ఎవరికీ కనిపించదు. కండరం బాగానే ఉంటుంది, నరం బాగానే ఉంటుంది, కానీ వాచిన కీలు నుంచి వెళ్లే సంకేతాల వల్ల వెన్నుపాము దగ్గర ఆ కండరానికి వెళ్లే ఆదేశాలు తగ్గిపోతాయి. 1984లో వచ్చిన ఒక పరిశోధనలో, ఏ జబ్బూ లేని మోకాళ్లలోకి సెలైన్ ఎక్కించి చూశారు. 20 నుంచి 30 మిల్లీలీటర్లకే మోకాలి చిప్పకి లోపలివైపున్న వాస్టస్ మీడియాలిస్ అనే కండరం మందగించింది. మిగతా క్వాడ్స్ (తొడ ముందు కండరాలు) మందగించడానికి 50, 60 మిల్లీలీటర్లు పట్టింది. ఇరవై మిల్లీలీటర్లంటే నాలుగు టీస్పూన్లు. పైకి చూస్తే ఆ మోకాలు వాచినట్టు కూడా ఉండదు.

అందుకే మెషిన్ దగ్గరికి వెళ్లేలోపే వాపు చూస్తాను. కాలు చాచి పడుకోబెట్టి, మోకాలి లోపలివైపు పల్లాన్ని అరచేత్తో కింది నుంచి పైకి రెండు మూడుసార్లు తుడుస్తాను. పల్లం ఖాళీ అవుతుంది. తర్వాత బయటివైపు పై నుంచి కిందికి ఒక్కసారి తుడిచి, లోపలివైపు కళ్లు పెట్టి చూస్తాను. చిన్న అలలాగా నీరు తిరిగి వచ్చిందంటే లోపల నీరున్నట్టే. బయటివైపు తుడవకుండానే పల్లం నిండిపోతే నీరు ఎక్కువే. అలాంటి రోజు కండరం బిగించే సిట్టింగ్ మొదలుపెట్టను. ఐసు, క్రేప్ బ్యాండేజ్, కాలు ఎత్తి పెట్టుకోవడం, అవసరమైతే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గర నీరు తీయించడం ముందు జరగాలి. మోకాలు కాలుతూ ఉండి జ్వరం కూడా ఉంటే అది ఫిజియోథెరపీ కేసే కాదు, అదే రోజు ఆసుపత్రికి పంపాలి. పిక్క వాచి నొక్కితే నొప్పిగా ఉంటే, రక్తం గడ్డకట్టిందేమో చూసే డాప్లర్ స్కాన్ అయ్యేదాకా ఏ కండరాన్నీ బిగించకూడదు.

తర్వాత లోహం. డిశ్చార్జ్ సమ్మరీ మాత్రమే చూస్తే సరిపోదు, ఆపరేషన్ నోట్సు అడగాలి. ఇంప్లాంట్ వాడితే దాని స్టిక్కర్ కేస్‌షీట్‌లోనో బిల్లుతోనో ఉంటుంది. మెనిస్కస్ కత్తిరించి తీసేసిన కాలులో సాధారణంగా ఏ లోహమూ మిగలదు, కాబట్టి ఈ పద్ధతికి అది బాగా సరిపడే కేసు. ఏసీఎల్ అనే మోకాలి లోపలి లిగమెంటుకి ఆపరేషన్ అయినవాళ్ల సంగతి వేరు. తొడ ఎముక మీద టైటానియం బటన్, కింద స్క్రూ ఉండొచ్చు. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు కదా అని కొందరు వాదిస్తారు. అంటుకోదు, నిజమే. కానీ అది కరెంటు పారే లోహం, మారే క్షేత్రంలో దానిలో కూడా కరెంటు పుట్టి వేడెక్కుతుంది. కాయిల్ పరిధిలో లోహం ఉంటే వాడొద్దని మెషిన్ మాన్యువల్ చెబుతుంటే దాన్ని పక్కనపెట్టే ధైర్యం నాకు లేదు. అలాంటివాళ్లకి ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టే పాత పద్ధతే చేస్తాను. పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, ఇన్సులిన్ పంపు, గర్భం, మూర్ఛ, క్యాన్సర్ ఉన్నవాళ్లకి ఇది వద్దు. స్పోర్ట్స్ హాస్టల్ పిల్లల్లో ఎముక పెరిగే ప్లేట్లు ఇంకా మూసుకోవు కాబట్టి వాళ్ల మోకాళ్ల మీద కూడా పెట్టను. ఆటగాడితో పాటు లోపలికి వచ్చే కోచ్ సార్‌కి పేస్‌మేకర్ ఉందేమో అడగటం చాలామంది మర్చిపోతారు. ఉంటే ఆయన గది బయటే కూర్చోవాలి.

ఒంటి మీదవి తీయించడంలో ఫోను, వాచీ, ఏటీఎం కార్డు, బండి తాళాలు ఎవరైనా చెబుతారు. మన దగ్గర అడగాల్సింది మొలతాడు. వెండిదైనా, దారానికి రాగి తాయెత్తు ఉన్నదైనా, గజ్జ దగ్గర నరం మీద కాయిల్ పెట్టేటప్పుడు అది సరిగ్గా కాయిల్ కిందికి వస్తుంది. మొలతాడు తీయనంటే గొడవ పడను, గజ్జ దగ్గర పెట్టకుండా తొడ మీదే పెడతాను. అమ్మాయిలకైతే పట్టీలు, మెట్టెలు. ట్రాక్ ప్యాంటు జిప్పు, జేబు దగ్గర ఇనుప రివెట్ కూడా చూసుకోవాలి. కాయిల్ పట్టుకునేవాళ్ల వేలికి ఉంగరం ఉండకూడదు. మంచం చెక్కదైతే మేలు. ఇనుప మంచం మీద చేస్తే కాయిల్ చప్పుడుకి మంచం కూడా తోడవుతుంది.

మొదటి రోజు కొలతలు తీయకుండా సిట్టింగ్ మొదలుపెట్టడం అంటే గుడ్డిగా వెళ్లడమే. నేను నాలుగు కొలతలు రాసుకుంటాను: నిటారుగా చాచిన కాలు పైకెత్తినప్పుడు మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిపోతోంది, మోకాలు మొత్తం ఎంత వంగుతోంది, నీటి పరీక్ష ఫలితం, తోసే బలం. బలాన్ని చేతిలో పట్టే డైనమోమీటర్‌తో తీస్తాను. అయితే దాన్ని చేత్తో పట్టుకోను. కుర్చీ వెనక కాలికి బెల్టు కట్టి, ఆ బెల్టుకి పరికరాన్ని ఆనించి, మోకాలు 90 డిగ్రీల్లో ఉంచి తోయమంటాను. చేత్తో పట్టుకుంటే రెయిడర్ కాలు బలం కాదు, ఫిజియో చేతి బలం రికార్డవుతుంది. ఐదేసి సెకన్లు మూడుసార్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి. వచ్చిన న్యూటన్లని మోకాలి కీలు నుంచి పరికరం దాకా ఉన్న దూరంతో గుణించాలి. ఉదాహరణకి దెబ్బ కాలు 210 న్యూటన్లు, మంచి కాలు 390, దూరం 0.32 మీటర్లు అనుకుంటే 67కి 125 న్యూటన్ మీటర్లు, అంటే 54 శాతం. రెండోసారి కొలిచేటప్పుడు కూడా ఆ దూరమే ఉండాలి, అందుకే చీలమండ ఎముక నుంచి ఎన్ని వేళ్ల పైన పెట్టానో రాసిపెట్టుకుంటాను. టేపుతో తొడ చుట్టుకొలత తీయడం నేను మానేశాను. వాపు ఉంటే అది పెరిగినట్టు చూపిస్తుంది, రెండు మూడు వారాల్లో వచ్చే మార్పు టేపు పట్టే చేతి తేడాలో కలిసిపోతుంది.

ఇక కాయిల్. ఆటగాడిని వెనక్కి ఆనుకుని కూర్చోబెట్టి, మోకాలు 60 డిగ్రీల దగ్గర ఉంచి, చీలమండని పట్టీతో మంచానికి బిగిస్తాను. కాలు గాల్లోకి ఎగరకూడదు, పట్టీ మీద తోయాలి. చిప్ప లోపలి పై మూల నుంచి నాలుగు వేళ్ల పైన, కొంచెం లోపలివైపు మొదలుపెడతాను. 3 నుంచి 5 హెర్ట్జ్ (అంటే సెకనుకి అన్ని పల్సులు), శక్తి 10, 15 శాతం. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. గుండ్రటి కాయిల్ అయితే సరిగ్గా నడిమధ్యని కండరం మీద పెడతారు. నడిమధ్య కింద పుట్టే కరెంటు దాదాపు సున్నా. తీగ చుట్టిన వలయం కిందే ఎక్కువ. అందుకని ఆ వలయాన్ని కండరం మీదికి తేవాలి. సెంటీమీటర్ చొప్పున జరుపుతూ, కొంచెం వంచుతూ, చిప్ప వైపు చూస్తూ ఉండాలి. సరైన చోటు దొరికితే చిప్ప ఒక్కో పల్స్‌కి పైకి, కొంచెం లోపలికి టక్కున లాక్కుంటుంది. తొడ మొత్తం లోపలికి కదులుతుంటే ఇంకా లోపలికి వెళ్లి వేరే కండరాన్ని పట్టారన్నమాట. తక్కువ శక్తితో ఎక్కువ కదలిక ఎక్కడ వస్తే అక్కడ స్కిన్ మార్కర్‌తో గీత పెడతాను. రెండో చోటు తొడ మధ్యలో ముందు నుంచి కాస్త బయటికి. మొదటి రోజు ఈ వెతుకులాటకే పది నిమిషాలు పోతాయి, పోనివ్వాలి.

చోటు తప్పితే చాలామంది శక్తి పెంచేస్తారు. కాయిల్‌కీ చర్మానికీ మధ్య మడతపెట్టిన టవల్ ఉన్నా అంతే. చిన్న కాయిల్‌లో మూడు సెంటీమీటర్ల దూరానికే క్షేత్రం సుమారు సగానికి పడిపోతుంది. పలచటి షార్ట్ మీద నుంచి పెట్టొచ్చు, జెల్ అక్కర్లేదు, అదే దీనిలో సుఖం. కానీ కొవ్వు మందంగా ఉన్న తొడకి, ముఖ్యంగా బరువైన త్రోయర్లకి, మెషిన్ ఫుల్‌లో పెట్టినా బిగువు సరిపోదు.

చోటు దొరికాక వరస ఇది. ముందు 5 హెర్ట్జ్‌లో రెండు నిమిషాలు, కండరం తట్టినట్టుగా. తర్వాత 40 హెర్ట్జ్. ఐదు సెకన్లు బిగువు, పదిహేను సెకన్లు విశ్రాంతి, ఒక్కో చోట పదిహేనుసార్లు. ఒక్క బిగువుకి 200 పల్సులు, పదిహేనింటికి 3,000. విశ్రాంతి తగ్గిస్తే ఏమవుతుందో ఆరో ఏడో బిగువుకే కనబడుతుంది, చిప్ప కదలిక సగమవుతుంది. మనంతట మనం కాలు తోస్తే కండరంలో తంతువులు వంతులవారీగా పనిచేస్తాయి. బయటి నుంచి తట్టి లేపితే ఆ కొన్నే మళ్లీ మళ్లీ పనిచేసి త్వరగా అలిసిపోతాయి. 1970లలో సోవియట్ శాస్త్రవేత్త యాకొవ్ కోట్స్ కరెంటుతో క్రీడాకారులకి చేయించిన పద్ధతిలో పది సెకన్లు బిగువు, యాభై సెకన్లు విశ్రాంతి, పదిసార్లు అన్న లెక్క ఊరికే రాలేదు. రెండో వారం నుంచి నేను కూడా శక్తి పెంచి, విశ్రాంతిని పొడిగిస్తాను.

మెషిన్ బిగించినప్పుడు ఆటగాడు ఊరికే చూస్తూ ఉంటే సగం పని వృథా. "తమ్ముడూ, అది లాగినప్పుడు నువ్వు కూడా తన్ను, పట్టీ తెగిపోవాలి" అని ప్రతి బిగువుకీ చెప్పాల్సిందే. కాయిల్ ఒక్కటే ఇచ్చే బిగువు సాధారణంగా వాళ్ల పూర్తి బలంలో సగం కూడా ఉండదు. బలం పెరగాలంటే ఆ స్థాయి దాటాలి. దాటించేది వాళ్ల సొంత తోపు.

ఇక్కడ నా అభిప్రాయం దాచను. ప్యాడ్లతో పెట్టే కరెంటుని ఓర్చుకోగల ఆటగాడికి నేను కరెంటే పెడతాను. పెద్ద ప్యాడ్లు ఎక్కువ కండరాన్ని పట్టుకుంటాయి, ఖర్చు తక్కువ. చర్మం మీద చురుక్కుమనే మంటకి భయపడి శక్తి పెంచనివ్వని వాళ్లుంటారు చూడండి, వాళ్ల దగ్గరే మాగ్నెట్ తన విలువ చూపిస్తుంది. చర్మంలోని నొప్పి నరాల్ని అది అంతగా రెచ్చగొట్టదు.

కాయిల్ తీశాక అరగంటలోపే వ్యాయామం. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి నొక్కడం, కాలు చాచి ఎత్తడం, రబ్బరు బ్యాండు మోకాలి వెనక వేసి నిలబడి మోకాలు చాచడం మొదటి వారం. ఒక్కోటి పదేసి, మూడు సెట్లు. రెండో వారం లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువు తోయడం), మూడో వారం మెట్టు ఎక్కడం, స్ప్లిట్ స్క్వాట్ (ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి గుంజీ). వారానికి మూడు సిట్టింగులు, మధ్యలో ఒక రోజు ఖాళీ, మొత్తం పన్నెండు నుంచి పదిహేను. వ్యాయామం లేకుండా రోజూ మాగ్నెట్ మాత్రమే పెట్టించుకునే ప్యాకేజీకి డబ్బులు కట్టొద్దని నా దగ్గరికి వచ్చేవాళ్లకి చెబుతాను.

మొదటి రెండు సిట్టింగుల తర్వాత బలం అమాంతం పెరిగినట్టు కనిపిస్తే సంబరపడొద్దు. అది కొత్త కండరం కాదు, ఉన్న కండరం లేవడం. తొడలో కండ పెరగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల బరువు పని కావాలి. పైగా ఈ దశలోనే ప్రమాదం. నొప్పి తగ్గుతుంది, కాలు తేలికగా ఉంటుంది, ఆ సాయంత్రమే మ్యాట్ మీదికి దిగుతాడు, మర్నాడు మోకాలు కుండలా వస్తుంది. సిట్టింగ్ తర్వాత మర్నాడు తొడ కండరం కొత్తగా గుంజీలు తీసినట్టు నొప్పిగా ఉండటం మామూలే. రెండు రోజులు దాటినా తగ్గకపోతే శక్తి ఎక్కువైంది. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, కండరం దెబ్బతిన్న గుర్తు అది.

మెషిన్ వైపు నుంచి వచ్చే తిప్పలు ఎక్కువగా కరెంటువే. దీన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెడితే బిగువు మధ్యలో ఆగిపోతుంది. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, స్టెబిలైజర్ ఉండాలి. మే నెలలో ఏసీ లేని గదిలో మూడో పేషెంట్ దగ్గరికి వచ్చేసరికి కాయిల్ వేడెక్కి దానంతటదే ఆగుతుంది. అప్పుడు తడిగుడ్డ చుట్టి చల్లార్చే తెలివితేటలు వద్దు, వేచి ఉండటమే. చప్పుడు చెవికి ఇబ్బందిగా ఉంటుంది, ఆటగాడికీ నాకూ ఇయర్ ప్లగ్గులు.

తక్కువ శక్తి మెషిన్‌ని నేను పూర్తిగా కొట్టిపారేయను. 1979లో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఈ రకం పల్సుల క్షేత్రాన్ని అతకని ఎముకల కోసం అనుమతించింది. కానీ అది రోజుకి గంటల తరబడి కట్టుకునే పరికరం, ఇరవై నిమిషాల చాప కాదు. అరిగిన మోకాళ్ల మీద 2013లో కాక్రేన్ (పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష తొమ్మిది పరిశోధనలు, 636 మందిని చూసి, నూటికి 15 పాయింట్ల నొప్పి తగ్గుదల కనిపించిందని, కీలు పనితీరులో మాత్రం స్పష్టంగా చెప్పగల మేలు లేదని తేల్చింది. వాళ్లు ఆటగాళ్లు కాదు, అరుగుదల పేషెంట్లు. అందుకని నొప్పి వల్ల వ్యాయామం మొదలుపెట్టలేనివాళ్లకి ముందు ఇరవై నిమిషాలు ఇది పెట్టి చూస్తాను, పది సిట్టింగుల్లో తేడా లేకపోతే ఆపేస్తాను. దీనితో బలం పెరుగుతుందని ఎవరైనా చెబితే డైనమోమీటర్ అంకె చూపించమనండి.

ప్రతి మూడో సిట్టింగ్‌కి కొలతలు మళ్లీ తీస్తాను. కాలు ఎత్తినప్పుడు వంగిపోవడం సున్నా అయి, నీటి పరీక్షలో అల కనబడకపోతే కాయిల్ పని అయిపోయినట్టే, సిట్టింగులు ఇంకా మిగిలున్నా సరే. అక్కడి నుంచి మంచి కాలుతో పోల్చి 90 శాతం వచ్చేదాకా జిమ్మే. ఒంటికాలి గెంతు పరీక్షల్లో కూడా అంత వచ్చాకే ఆట.

ఆరు సిట్టింగులైనా అంకె కదలకపోతే శక్తి పెంచడం కాదు, కారణం వెతకాలి. మళ్లీ నీరు చేరిందా, చాచేటప్పుడు కీలు ఎక్కడైనా అడ్డం పడుతోందా, నడుములో నరం నొక్కుకుందా చూడాలి. ఒక్కోసారి ఆపరేషన్‌కి తొడ నరం దగ్గర ఇచ్చిన మత్తు (బ్లాక్) తర్వాత ఆ నరం తేరుకోకపోవచ్చు. దానికి కాయిలే ఒక గుర్తు చూపిస్తుంది. ఇది నేరుగా కండరాన్ని కాదు, నరాన్ని తడుతుంది. నరం తెగిపోయిన కండరానికి 0.3 మిల్లీసెకను పల్స్ సరిపోదు, మిల్లీసెకన్ల కొద్దీ పొడవున్న కరెంటు పల్సులు కావాలి. కాబట్టి సరైన చోట, చర్మానికి ఆనించి, శక్తి ఫుల్‌లో పెట్టినా చిప్ప అస్సలు కదలకపోతే, అదే చోట మంచి కాలు ఎగురుతుంటే, ఆ రోజు సిట్టింగ్ ఆపి న్యూరాలజిస్టుకి చీటీ రాస్తాను: కుడి తొడ, కాయిల్ నూరు శాతం, ట్విచ్ (కండరం ఎగరడం) లేదు, నర్వ్ కండక్షన్ (నరంలో సంకేతం పారే తీరు) చూడగలరు.